తోకచుక్క, మా తోడికోడలు

ఎనభై ఆరులో, మిరపకాయల కాలాన, పేపర్ల నిండా తోకచుక్క కబుర్లే. కాయల తొడిమలు తీస్తూ మా అత్తగారితో, "అది అరిష్టం కాదండీ, ఉత్త మంచూ దుమ్మూనే" అన్నాను.

"నువ్వెళ్లి చూసొచ్చావా?" అందావిడ.

మర్నాడు మా తోడికోడలు రేడియోలో విని అదే మాట చెప్పింది. "మా చిన్నకోడలికి ఎంత సైన్సు తెలుసో!" అని అత్తగారు వీధంతా చెప్పుకొచ్చింది. నా కళ్లలో కారం కొట్టినట్టయింది.

ఒక తెల్లవారుజామున అందరం డాబా ఎక్కాం. "ఎక్కడే అమ్మాయ్?" అని అత్తగారు చిన్నకోడలినే అడిగింది. ఆమె తూర్పుకి చూపిస్తే అందరూ అటే మెడలు చాచారు.

దక్షిణాన, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం పైన, మసక తోకతో అది నాకు కనిపించింది. వెలుతురొచ్చి మాయమయ్యేదాకా ఒక్కదాన్నే చూశాను.

"అన్నీ అబద్ధాలే రాస్తారు ఈ పేపర్లవాళ్లు" అంటూ అత్తగారు కిందికి దిగింది.

"ఔనండీ" అన్నాను.