మస్తాన్‌బీ పిన్ని నూనె

ముప్పై ఏళ్లు దాటింది, ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడుపడదు, బయటికి రాదు. నెలనెలా చర్చిలో ప్రభువు బల్ల, అదే రొట్టే ద్రాక్షరసం, తీసుకునే ముందు పాస్టరుగారు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అంటారు. నేను తల వంచుకుంటాను. తర్వాత అందరితో పాటే చెయ్యి చాపి రొట్టె అందుకుంటాను. ఆ చెయ్యి గురించే ఇప్పుడు చెప్పబోయేది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కుక్కపిల్లల సంగతి. నవ్వినా నవ్వండి.

ఎనభైల్లో మాట. చిలకలూరిపేటకు దగ్గర్లో మా ఊరు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్నాను. మా కుక్క రాణి మూడు పిల్లల్ని పెట్టింది. నెల తిరిగేసరికి మూడింటికీ ఒంటి మీద పొలుసులు లేచాయి. వెంట్రుకలు ఊడి, చర్మం బీటలు వారి, పడుకున్న గోనెపట్టా మీద తవుడు చల్లినట్టు రాలేది. రాణికి కూడా వీపు మీద ఎప్పుడూ అలాగే ఉండేది. పిల్లల్ని బుట్టలో పెట్టుకుని బస్సెక్కి పేటలో పశువుల డాక్టరుకి చూపించాను. ఇది తల్లి నుంచి వచ్చింది, ఎవరికీ అంటుకోదు, అలాగని పూర్తిగా తగ్గేదీ కాదు, వేపాకు నీళ్లతో కడిగి రోజూ నూనె రాస్తే బతుకుతాయి, ఓపిక ఉండాలి అన్నాడు.

ఓపిక ఉంది. ఆ ఏడు నా దగ్గర ఉన్నదల్లా అదే. పరీక్ష తప్పిందని ఊరంతా అనుకునే పిల్లని, ఏదో ఒకటి నా చేతుల మీదుగా బాగుపడాలని మహా పట్టుదలగా ఉండేది.

నూనె ఇచ్చింది మస్తాన్‌బీ పిన్ని. మా పక్కిల్లే. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్లది. భర్త పోయాక ఒక్కతే దిండ్లు కుట్టుకుని బతికేది. పిల్లలు లేరు. కానుగ నూనెలో వేపాకు వేసి కాచి సీసాల్లో పోసి పెట్టుకునేది. ఊళ్లో ఏ పసిబిడ్డకి చెమటకాయలు లేచినా, గజ్జి వచ్చినా ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆమెది మంచి హస్తవాసి అని పేరు. సాయంత్రమైతే ఆమె అరుగు మీద ఒక తల్లీ ఒక బిడ్డా లేని రోజు ఉండేది కాదు. పసివాళ్ల ఒంటికి నూనె రాస్తూ ఆమె పొందే సంతోషం నేను కళ్లారా చూశాను. చూసి కూడా ఆ పని చేశాను.

మొదటి పదిహేను రోజులూ నూనె రాస్తుంటే పిల్లలు నా ఒళ్లోనే నిద్రపోయేవి. తర్వాత మిరప కల్లాల్లో పని మొదలైంది. ఎండుమిరపకాయల రాశి ముందు కూర్చుని పొద్దస్తమానం తొడిమలు తీయడం. అమ్మతో నేనూ పోయాను. సాయంత్రం వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని నూనె రాసేదాన్ని. రాస్తుంటే పిల్లలు కీచుమని ఏడవడం మొదలుపెట్టాయి. చర్మం ఎర్రబడింది, రసి కారింది. అన్నిటికన్నా చిన్నది, బుడ్డి అనేవాళ్లం, నన్ను చూడగానే గాదె కిందికి దూరేది. నేను పట్టి లాగి మరీ రాసేదాన్ని. జబ్బు ముదిరిందనుకుని ఇంకా ఎక్కువ రాసేదాన్ని.

కల్లానికి పోయే ఆడవాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఆ రోజుల్లో పసిబిడ్డను ఎత్తుకోరు. సబ్బుతో ఎంత కడిగినా కారం పోదు. పుల్లమజ్జిగతో రుద్దుకుంటేనే కాస్త విరుగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలియని ఆడపిల్ల మా ఊళ్లో ఉండదు. కానీ నా చేతులు మొద్దుబారిపోయి నాకు మంట తెలిసేది కాదు. కుక్కపిల్లలు కూడా పసివాళ్లేనని నాకు తోచలేదు.

తోచలేదా? ఇక్కడే నాకు ఏదీ తేలదు. ఆదివారం కల్లం లేదు. చర్చికి పోయి వచ్చి నూనె రాస్తే పిల్లలు ఏడవలేదు. ఆ సంగతి నాకు గుర్తుంది. గుర్తుందంటే అప్పుడే గమనించినట్టా, తర్వాత ఆలోచించుకుంటే తట్టినట్టా? ఒకరోజు నూనె రాసి కన్ను నులుముకుంటే భగ్గున మండింది. అది బుడ్డి చావకముందా, చచ్చాకా? ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ముందే తెలిసి ఉంటే నేను దుర్మార్గురాలిని. తెలియకపోతే మూర్ఖురాలిని. నేనేమిటో నాకే అర్థం కావడం లేదు.

బుడ్డి ఒకరోజు పొద్దున్నే చనిపోయింది. పత్తికట్టె మోపుల వెనక గొయ్యి తీసి పూడ్చి, బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయాను. ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. పిన్ని పలకరించింది.

"బుడ్డి ఎట్టా ఉందే అమ్మాయ్?"

"చచ్చిపోయింది. నీ నూనెకే చచ్చింది. ఏం కలిపావు పిన్నీ అందులో? ఒళ్లంతా కాలినట్టయిపోయింది దానికి!"

ఆడవాళ్లంతా మా వైపు తిరిగారు. పిన్ని నా మొహం చూసింది. తర్వాత నా చేతులు చూసింది.

"కల్లం నుంచొచ్చి చేతులు కడుక్కునే రాశావా తల్లీ?" అంది. మెల్లగానే అంది.

"కడుక్కోకుండా రాస్తానా? నీ తప్పు నామీద పెడతావేంది?"

ఆమె బిందె సగమే నిండింది, అలాగే ఎత్తుకుని పోయింది.

మర్నాడు సాయంత్రం మా పిట్టగోడ మీద చెంబెడు పుల్లమజ్జిగ ఉంది. మాకూ ఆమెకూ మధ్య ఉన్నది ఆ గోడే. ఎందుకు పెట్టిందో అర్థం చేసుకోవడానికి క్షణం పట్టలేదు. ఆ మజ్జిగతో మోచేతుల దాకా రుద్దుకుని, అదే సీసాలో అదే నూనె తీసి మిగిలిన రెండు పిల్లలకీ రాశాను. అవి ఏడవలేదు. నా ఒళ్లో నిద్రపోయాయి.

అంతకుముందు సంగతి ఎలా ఉన్నా, ఇక్కణ్ణుంచి నాకు తెలియదనడానికి లేదు. తెలుసు. అప్పుడే లేచి నాలుగడుగులు వేసి ఆమె అరుగెక్కి చెప్పొచ్చు. చెప్పలేదు. పిల్లలు ఎట్టా తేరుకున్నాయని పంపు దగ్గర అడిగితే ఆ నూనె మానేశాను, గుంటూరు నుంచి వేరే నూనె తెప్పించాను అన్నాను. మాట ఊరంతా పాకింది. నెల తిరగకుండా పిన్ని అరుగు ఖాళీ అయిపోయింది. నా కుక్కపిల్లలకి వెంట్రుకలు వచ్చాయి. పొలుసులు పూర్తిగా పోలేదు, డాక్టరు పోవనే అన్నాడు. అయినా చూసినవాళ్లంతా నీది మంచి హస్తవాసే అన్నారు. నాకు సంతోషం వేసింది. అది కూడా చెప్పాలి. నిజంగా సంతోషం వేసింది.

ఒకామె తన బిడ్డను తెచ్చి నీ చేత్తో రాయవే అంది. రాశాను. పిన్ని నూనే రాశాను. పిన్ని తన అరుగు మీద దిండు కుడుతూ చూస్తోంది. నూనె వాసన ఆమెకు తెలియకుండా ఉంటుందా? కాసేపటికి సూది దిండుకే గుచ్చి లోపలికి వెళ్లిపోయింది.

వానలు పడేనాటికి ఇల్లు మూసి దర్శిలో చెల్లెలి దగ్గరికి చేరింది. ఆ పంపు దగ్గర నిలబడి నన్ను నాలుగు తిట్టి ఉంటే ఊరు నమ్మేదేమో. ఎందుకు తిట్టలేదో ఎప్పటికీ తెలియదు. పోదాం పోదాం అనుకుంటూనే ఏళ్లు గడిపాను. దర్శి ఏమంత దూరమని! చివరికి ఆమె పోయిందన్న కబురే వచ్చింది.

ఇప్పుడు చెప్పి ఏం లాభమంటారా? నాకూ తెలియడం లేదు. ఆమె అరుగు మీదికి బిడ్డలు తిరిగి రారు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. ఆ రోజు పంపు దగ్గర చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, అది ఎవరో ఒకరికి చెబితే చాలు.

పిన్ని నూనె మంచిదే. మండించినవి నా చేతులు.