ఉస్సర్కాక్ మావయ్య పేర్ల పిచ్చి

ఉస్సర్కాక్ ముసలాయనకు ఉన్నది ఒకటే జబ్బు. పేరు చెప్పందే ఎవరినీ ఒక్క రాయిని కూడా దాటనిచ్చేవాడు కాదు. పోనీ పేరు చెప్పి ఊరుకుంటాడా? ఆ పేరు ఎందుకొచ్చింది, ఎవరి పుణ్యాన వచ్చింది, ఆవేళ గాలి ఎటు వీచింది, అన్నీ చెప్పాలి. ఆయన బండి ఎక్కితే గంట ప్రయాణానికి పూట పట్టేది. ఆయన నోరు తెరవగానే బండి లాగే కుక్కలు తమంతట తామే ఆగి, మంచులో ముడుచుకుని ఓ కునుకు తీసేవి.

వాళ్ల అఖాతాన్ని పటంలో ఎవరో కప్తాను పేరుతో అచ్చేశారు. ఆ మాటెత్తితే ముసలాయనకు ఒళ్లు మండేది.

"వాడు ఇక్కడ కాలు పెట్టాడా? పొగమంచులో ఓడ మీంచి చూశాడు, అదీ సగమే! మన తాతలు దీన్ని 'వాల్రస్ గురక' అన్నారు. పొగమంచులో దారి తప్పినవాడికి ఒడ్డున పడుకున్న ఆ కోరల జంతువుల గురక ఎటు వినపడితే అటే ఒడ్డు. కప్తాను గురక పెడితే ఎవడికి లాభం?"

మిగతా పేర్లు మర్యాదస్తుల ముందు పలికేవి కావు. అఖాతం మొగలో ఉన్నది 'అత్త జారిన బండ'. మంచుగోడ కింద సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న ఒంపు 'లాగు తడిపిన కోన'. తిమింగలాల వేటకు పరాయి ఓడలొచ్చే రోజుల్లో ఎవడో తన బండికి ముందు నడిచే కుక్కనిచ్చి ఆరు ఇత్తడి గుండీలు తెచ్చుకున్నాట్ట. వాడికి చొక్కా కూడా లేదు. అది 'గుండీల దిబ్బ'.

ఆయన చెల్లెలి కూతురు నాదుక్‌కి ఈ పేర్లంటే చచ్చేంత సిగ్గు. ఊరి కొట్లో పనిచేస్తుంది, నలుగురిలో పరువుగా బతికే మనిషి. ఐదేళ్ల కిందట ఒక చిన్న కోనలో పడవ కట్టి ఒడ్డెక్కింది. ఆటుపోటు తిరగగానే ముడి ఊడి, పడవా, అందులో ఊరంతా కలిసి వేటాడిన నార్వాల్ తిమింగలం మాంసమూ ఊరి కళ్లముందే సముద్రం పాలయ్యాయి. వారం తిరక్కుండా మావయ్య ఆ కోనకు 'నాదుక్ ముడి' అని పేరు పెట్టేశాడు. ఆ రోజు నుంచి అటు పడవ నడపాలంటే ఆమెకు ప్రాణం చచ్చిపోయేది.

ఈ వేసవిలో మంచు విడగానే ఇంగెర్ అనే డేనిష్ కొలతల అధికారిణి వచ్చింది. కొత్త పటంలో ఊరివాళ్ల పేర్లే వేస్తారట. చూపించడానికి ఉస్సర్కాక్, డేనిష్‌లో చెప్పడానికి నాదుక్.

ముందురోజు మావయ్య ఇంట్లో కాఫీ తాగుతూ నాదుక్ బతిమాలింది.

"మావయ్యా, ఆ ఒక్క చోటూ దాటెయ్యి. పటంలోకి ఎక్కిందంటే నా మునిమనవలు కూడా నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితేనే గుర్తుంటుంది. అబద్ధం పేరు పెడితే రాయి పగబడుతుందే."

"నాకంటే నీకు రాయే ఎక్కువా?"

"నువ్వు అలిగితే కాఫీ పోస్తా. రాయి అలిగితే ఏం పొయ్యను?"

మర్నాడు నాదుక్ పడవ నడుపుతూ, పళ్లు బిగించి ఒక్కో పేరూ డేనిష్‌లో చెప్పింది. ఇంగెర్ కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతూ రాసుకుంది. తన పేరు పెట్టిన కోన దగ్గరపడుతున్నకొద్దీ నాదుక్‌కి చెమటలు పట్టాయి. ఉండబట్టలేక అనేసింది:

"ఈయనకు వయసు మీద పడిందండీ. ఇవన్నీ సొంత కల్పనలు. రాసుకోకండి."

ఇంగెర్ పెన్సిలు ఆగిపోయింది. డేనిష్ ముక్క రాని ముసలాయన అది చూసి, "పాపం, రాసి రాసి చెయ్యి నొప్పెట్టినట్టుంది" అని తన ఫ్లాస్కులోని కాఫీ ఆమెకు పోసి, మిగిలినది నాదుక్‌కి ఇచ్చాడు. తనకు మిగుల్చుకోలేదు. నాదుక్‌కి తల కొట్టేసినట్టయింది. 

కోన వచ్చింది. ముసలాయన లేచి నిలబడ్డాడు.

"దీని పేరు ఉస్సర్కాక్ ముడి. ఐదేళ్ల కిందట ఓ ముసలి వెధవ ఇక్కడ పడవ సరిగ్గా కట్టలేదు. ఊరి మాంసమంతా పోయింది. ఆ వెధవ నేనే!" అని రొమ్ము చరుచుకున్నాడు.

 "రాయి పగబడుతుందన్నావు కదా మావయ్యా" అంది నాదుక్.

"నా మీదేగా! డెబ్బై ఏళ్లుగా నా వాగుడు భరించింది, ఈమాత్రం సర్దుకుంటుందిలే. చెప్పు ఆవిడకి."

"నా కోసం అంత బాధపడేవాడివి ఆ పేరే తీసెయ్యొచ్చుగా?"

"ఎట్లా తీసెయ్యను పిల్లా? ఆటుపోటు తిరిగేటప్పుడు నీళ్లు ఇక్కడ పడవల్ని ఎగరేసి లాక్కుపోతాయి. నీ ముడి పేరు పెట్టాక ఒక్క పడవ పోలేదు. అందరూ నవ్వుకుంటూ రెండేసి ముళ్లు వేస్తున్నారు. లాగు తడిసిందని చెప్పకపోతే ఆ మంచుగోడ విరిగి పడుతుందని ఎవడికి గుర్తుంటుంది? 'జాగ్రత్త' అంటే ఎవడూ వినడే. నవ్వించాలి."

సముద్రం చీలితే అందులో దూకేద్దామనిపించింది నాదుక్‌కి. ఇంగెర్ వైపు తిరిగి, తలెత్తకుండా చెప్పింది:

"ఇందాక నేను అబద్ధమాడాను. ఈయన చెప్పినవన్నీ నిజం, ఈ కోనలో ముడి సరిగ్గా వెయ్యక పడవ పోగొట్టింది తానేనన్న ఈ ఒక్క మాట తప్ప. ఆ ముడి వేసింది ఈయన కాదు. నాదుక్. నేను."

 ఇంగెర్ చేతిలో ఆగిన పెన్సిలు మళ్లీ కదిలింది. ముసలాయనకు అర్థం కాకపోయినా 'నాదుక్' అన్న మాట చెవిన పడనే పడింది.

"ఏమే! చెప్పింది చెప్పమంటే దిద్దుబాట్లా? ఇన్నేళ్లకి నా పేరు పటంలోకి ఎక్కబోతుంటే మేనమామనని కూడా చూడకుండా లాగేసుకుంటావా?"

"నీకు ఇంకో చోటు చూద్దాంలే మావయ్యా."

"ఇంకేం చోట్లు! నువ్వు పుట్టకముందే అన్నీ అయిపోయాయి" అని ముసలాయన మొహం తిప్పుకుని బిగుసుకు కూర్చున్నాడు. రెండు బండలు పేర్లు లేకుండానే దాటిపోయాయి. 

మూడో బండ దగ్గర ఆమె మోటారు ఆపేసింది.

"మావయ్యా, దీని పేరేంటి?"

తనంతట తాను ఆమె అలా అడగడం అదే మొదటిసారి. ముసలాయన అటే చూస్తూ కూర్చున్నాడు, కానీ ఎంతసేపని?

"అడిగావు కాబట్టి చెప్తున్నా" అన్నాడు ఇటు తిరిగి. "ఆవేళ గాలి ఉత్తరం నుంచి వీస్తోంది..."