వెనక అర అమ్మకానికి లేదు

లోకంలో దుకాణదారులందరూ సరుకు అమ్ముడుపోవాలని కోరుకుంటారు. మా తాతయ్య మాత్రం అమ్ముడుపోతుందేమోనని భయపడతాడు. ఆయనది మా ఇంటి ముందు గదిలో మోడల్ కిట్ల కొట్టు. విమానాలు, ఓడలు, రైలింజన్లు అన్నీ ముక్కలుగా పెట్టెల్లో వస్తాయి. కొన్నవాళ్ళు ఆ ముక్కల్ని ప్లాస్టిక్ చట్రంలోంచి కత్తిరించి, అరగదీసి, జిగురుతో అతికించి, రంగులు వేసుకోవాలి. ఏ రకం కిట్టయినా పది వస్తే తాతయ్య తొమ్మిదే అమ్ముతాడు. పదోది వెనక అరలోకి పోతుంది. వెనక అరలోకి పోయిన పెట్టె మళ్ళీ వెలుగు చూడదు.

"తాతగారూ, ఆ మూడు తెరచాపల ఓడ ఇస్తారా?"

"లేదు."

"అదుగో, మీ వెనకే కనిపిస్తోందిగా!"

"చంద్రుడూ కనిపిస్తాడు. సంచి తెచ్చావా?"

ఆ ఓడ కోసం పళ్ళ డాక్టరు గారు ఇరవై ఏళ్ళు తిరిగారు. ఎంత మొండి దవడ పన్నయినా చిటికెలో పీకే మనిషి, మా తాతయ్య అరలోంచి ఒక్క పెట్టె పీకలేకపోయారు. ఒకసారి బేరం కూడా పెట్టారు.

"పోనీ, మీ పళ్ళన్నీ జీవితాంతం ఊరికే చూస్తాను. ఓడ ఇవ్వండి."

"ముప్ఫై రెండూ రాళ్ళలా ఉన్నాయి. మీరు ఇంకో బేరం చూసుకోండి."

దీనికి తోడు మా కొట్టుకి ఇంకో అపకీర్తి ఉండేది, మా పెట్టెల్లోంచి ముక్కలు రాలిపోతాయని. ఎవరైనా వచ్చి "మా కిట్టులో ఫలానా ముక్క లేదండీ" అని నసిగితే చాలు, తాతయ్య లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో ఆ ముక్క తెచ్చి చేతిలో పెట్టేవాడు. "ఇక్కడే నేల మీద దొరికింది. పెట్టె విప్పి చూపించినప్పుడు నా చేతిలోంచే జారింది. తప్పు నాదే" అనేవాడు. వాళ్ళు ఊరంతా చెప్పేవారు, ముసలాయనకి చేతులు వణుకుతున్నాయని. మా అమ్మమ్మకి ఒళ్ళు మండిపోయేది.

"రోజుకి రెండుసార్లు ఊడుస్తాను. నా చీపురుకి ఏనాడూ ఒక్క ముక్క తగల్లేదు. ఈ మనిషికే ఎలా దొరుకుతాయో!"

"చూసే కళ్ళుండాలే."

ఒకప్పుడు ఆదివారం వస్తే మా కొట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. తర్వాత జనం ఫోన్లోనే పదేసి కిట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఇంకొంతమంది కిట్టు కూడా మానేసి, ఇంట్లోనే బొమ్మలు ప్రింటు చేసుకుంటున్నారు. మా కొట్లో జిగురు సీసాలు కొనేవాళ్ళు లేక వాటికవే అతుక్కుపోయాయి. అది చాలదన్నట్టు, పరీక్ష రెండుసార్లు తప్పిన నేను వెళ్ళి వెళ్ళి పక్కవీధిలో త్రీడీ ప్రింటర్ ఉన్న చోటే పనిలో చేరాను.

"ఏం చేస్తుందే ఆ యంత్రం?" అన్నాడు తాతయ్య.

"ప్లాస్టిక్ కరిగించి పొర మీద పొర పోస్తుంది తాతయ్యా."

"అంటే కక్కుతుందన్నమాట."

ఆ రోజు నుంచి దాని పేరు కక్కుడు యంత్రం. నేను పని నుంచి రాగానే పరామర్శ మొదలయ్యేది.

"ఇవాళేం కక్కింది?"

"ఫోన్ స్టాండు."

"నిన్న?"

"ఫోన్ స్టాండే."

"పాపం, అజీర్ణం చేసినట్టుంది."

చివరికి అమ్మమ్మ తేల్చి చెప్పేసింది. "నెలాఖరులోగా ఆ వెనక అర అమ్మితే ఈ గది కొట్టుగానే ఉంటుంది. లేదంటే కుట్టుపని ఆవిడకి ఇచ్చేస్తాను. రెండు నెలలుగా అడుగుతోంది."

"ఇచ్చెయ్. నా అర మాత్రం పడగ్గదిలోకి వస్తుంది."

"అయితే నేను కుట్టుపని ఆవిడ దగ్గర పడుకుంటాను."

మామూలుగా అయితే దీనికి తాతయ్య ఇంకో మాట వదిలేవాడే. ఈసారి గుడ్డ తీసుకుని వెనక అర దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా పొద్దున్నే షట్టర్ ఎత్తిన మనిషి, అది ఎత్తే పని లేకపోతే పొద్దున్నే లేచి ఏం చేస్తాడో నాకూ తోచలేదు.

ఒకరోజు పళ్ళ డాక్టరు గారు తాతయ్యని తన కారులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇదే అదనని అమ్మమ్మ పాత కిట్లు సీలు కూడా తియ్యకుండా పోగుచేసే ఒక పెద్దమనిషికి ఫోన్ చేసింది. ఆయన పెట్టె ముట్టుకోవడానికి తెల్ల చేతితొడుగులు వేసుకున్నాడు. పెళ్ళికూతురి మేలిముసుగు ఎత్తినట్టు ఓడ పెట్టె మూత ఎత్తాడు.

మూడు తెరచాపల ఓడకి తెరచాప ఒక్కటే ఉంది. లంగరు లేదు. ఆయన రెండో పెట్టె తీశాడు. విమానానికి ప్రొపెల్లర్ లేదు. మూడో దాంట్లో రైలింజన్‌కి పొగగొట్టం లేదు.

"ఇది అర కాదండీ, ఎలకల కన్నం" అన్నాడాయన.

అమ్మమ్మ మొహం మాడిపోయింది. ఇంతలో నాకు మూత లోపల అతికించిన చీటీ ఒకటి కనిపించింది. తాతయ్య పెన్సిల్ రాత. పైకి చదివాను.

"ప్రొపెల్లర్. బడిపిల్ల. తమ్ముడు ముక్కులో దూర్చుకున్నాడు. బయటికి తీశారు గానీ అతికించబుద్ధి కాలేదట. నేల మీద దొరికిందని చెప్పాను."

ఇంకో మూత తీశాను. "లంగరు. నర్సమ్మ. టీలో పడితే చూసుకోకుండా తాగేసింది. నేల మీద దొరికిందని చెప్పాను."

ఇంకోటి తీశాను. "పొగగొట్టం. పళ్ళ డాక్టరు. నాలుగోసారి. ఈసారి నమ్మినట్టు లేదు. అయినా నేల మీద దొరికిందనే చెప్పాను."

ముప్ఫై పెట్టెలు తీస్తే ముప్ఫైలోనూ ఇదే వరస. అమ్మమ్మ స్టూలు మీద కూలబడింది.

"నేను అద్దంలా తుడిచే నేలకి ఇంత చెడ్డపేరు తెచ్చాడా ఈ మనిషి!" అంది. అని, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దమనిషి మూతలన్నీ పెట్టేసి గుమ్మం దాకా వెళ్ళాడు. వెళ్ళినవాడు వెనక్కొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"పాపా, రెండంతస్తుల రెక్కల విమానం ఒకటి ఉంటుంది. దాని కుడి రెక్క కింది బద్ద... ఏమైనా దొరుకుతుందా?"

"మీవన్నీ సీలు తియ్యని పెట్టెలన్నారు కదండీ?"

"ఒక్కటి తీశాను. పన్నెండేళ్ళయింది. బద్ద కత్తిరిస్తుంటే టింగుమని ఎగిరిపోయింది. మంచం కింద వెతికాను, మంచమే విప్పేసి వెతికాను. మళ్ళీ ఇంకో పెట్టె తెరవడానికి చెయ్యి రాలేదు" అన్నాడు, తొడుగులు ఒక్కొక్కటే తీసుకుంటూ.

అప్పుడే తాతయ్య వచ్చాడు. కళ్ళలో మందు, కళ్ళకి నల్లద్దాలు, చెయ్యి డాక్టరు గారి భుజం మీద. ఏమీ కనపడకపోయినా ఏదో జరిగిందని పసిగట్టాడు.

"పాత మూతలు తీసిన వాసనొస్తోంది. ఎవరు తీశారు?"

"నేనేనండీ. నేల మీద దొరికినవి ఎక్కడ దాచారోనని చూస్తున్నాను" అంది అమ్మమ్మ.

తాతయ్య పంచదార డబ్బాతో దొరికిపోయిన పిల్లాడిలా నిలబడిపోయాడు. పళ్ళ డాక్టరు గారు నేను మూత తీసి చూపించిన తన చీటీ చదువుకుని చీటీ వంకా, తాతయ్య వంకా చూశారు.

"అంటే నాలుగుసార్లూ...?"

"మీరు నమ్మలేదుగా!"

"నమ్మాను మహానుభావా! పాపం చేతులు వణుకుతున్నాయి, ఈయన కొట్టు ఎక్కడ మూతపడుతుందోనని, ఫోన్లో సగం ధరకి దొరికేవి కూడా మీ దగ్గరే కొన్నాను!"

పెద్దమనిషి బద్ద సంగతి చెప్పాడు. తాతయ్య నల్లద్దాలతోనే అర దగ్గరికి వెళ్ళి, మూడో వరసలో పెట్టె లాగి, వేళ్ళతో తడిమాడు.

"ఎడమది ఉంది. కుడిది పోయినేడు లైబ్రరీ ఆయనకి ఇచ్చేశాను."

"ఎడమదే తిప్పి పెట్టుకోనా?"

"చేతితొడుగులనుకున్నారా? బద్దకున్న కన్నం అటువైపుకి వచ్చేస్తుంది."

పెద్దమనిషి తలొంచుకున్నాడు. నేను చెయ్యి చాపాను.

"తాతయ్యా, ఎడమది నాకివ్వు. కొలతలు తీసి, అద్దంలో బొమ్మలా కుడిదిగా మార్చి, మా యంత్రంతో కక్కిస్తాను."

తాతయ్య ఆ బద్దని వేళ్ళ మధ్య చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. చివరికి నా అరచేతిలో పెట్టి నా గుప్పిట తనే మూశాడు.

"జాగ్రత్తే. ఇది పోతే నిజంగా పోయినట్టే."

మొదటిది వంకరగా వచ్చింది. రెండోదానికి కన్నం పూడుకుపోయింది. మూడోది బాగుందని తెచ్చిస్తే, ఈలోగా చూపు సర్దుకున్న తాతయ్య భూతద్దం పెట్టి చూశాడు. "గీతలున్నాయి" అన్నాడు. తిడతాడేమో అనుకున్నాను. గరుకు కాగితం తీసి తనే అరగంట అరగదీశాడు. మర్నాడు పెద్దమనిషి తన విమానం పట్టుకొచ్చి, ఒట్టి చేతులతో మా బల్ల మీదే అతికించుకున్నాడు. బద్ద జారిపోతుంటే రెండో కొస తాతయ్య పట్టుకున్నాడు. జిగురు ఆరేదాకా ఇద్దరూ ఊపిరి తియ్యలేదు. తర్వాత ఒకేసారి వదిలేసరికి బల్ల మీద కాగితాలు ఎగిరిపోయాయి.

ఆయన ఈ సంగతి తనలాంటి వాళ్ళందరికీ చెప్పాడు. వారం తిరిగేసరికి ఎక్కడెక్కడి నుంచో కబుర్లు. ఒకరికి గుర్రబ్బండి చక్రం కావాలి, ఒకరికి జలాంతర్గామి మూత కావాలి. ఫోన్లో పదేసి కిట్లు కొన్నవాళ్ళు కూడా పోయిన ముక్క కోసం మా కొట్టుకే రాస్తున్నారు. వెనక అరలోని పెట్టెలు ఒక్కొక్కటే కొలతలకి నా దగ్గరికి వస్తున్నాయి. గది ఖాళీ లేదని అమ్మమ్మ కుట్టుపని ఆవిడకి చెప్పేసి, ధరలు చెప్పే పని కూడా తనే తీసుకుంది. ఆ పని తాతయ్యకి వదిలితే మళ్ళీ మొదటికొస్తుందని ఆవిడకి తెలుసు.

మొన్న కవర్లు అతికిస్తూ అమ్మమ్మ ఒకటి విప్పి చూసింది.

"ఏమండీ, ఒక ముక్క అడిగితే రెండు పెడుతున్నారేం?"

తాతయ్య తలెత్తలేదు. "ఒకసారి పోగొట్టినవాడు రెండోసారీ పోగొడతాడు. మళ్ళీ అడగాలంటే సిగ్గేస్తుంది. సిగ్గేసి, చేస్తున్న బొమ్మని అటకెక్కించేస్తాడు. ఇక దించడు."

అమ్మమ్మ కవరు అతికించింది. ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది.

"నువ్వు మూడేసి చెయ్యవే. చిన్నపిల్లలకి వెళ్ళే కవర్లలో ఇంకోటి నేను వేస్తున్నాను. ఆయనకి చెప్పకు."