పాయింట్స్‌మన్ చేసిన రైళ్ల లెక్క

1998. కంచరపాలెంలో మా అద్దె ఇంటి ముందుగదిలో ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకి లెక్కలు చెప్పేవాణ్ణి. వచ్చేవాళ్లంతా డిగ్రీ పిల్లలు. వాళ్ల మధ్య ఓ సాయంత్రం నలభై దాటిన సన్యాసిరావు గారు వచ్చి కూర్చున్నారు. పోర్టు రైలు యార్డులో పాయింట్స్‌మన్. అంటే పట్టాలు మార్చి, జెండా ఊపి, వ్యాగన్ల మధ్య దూరి వాటిని కలిపే మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. వంగినవాడు వెంటనే లేవలేకపోతే ఆ పనిలో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. డిపార్ట్‌మెంటల్ పరీక్ష గట్టెక్కితే గుమాస్తా కుర్చీ దొరుకుతుంది. వయసు రీత్యా అదే ఆఖరి అవకాశం.

అన్నీ చకచకా చేసేవారు, ఒక్క రైళ్ల లెక్క తప్ప. రైలు పనిచేసే మనిషికి రైలు లెక్క రాకపోవడమేమిటని నాకు ఒళ్లు మండేది.

లెక్క ఇది. రెండు బండ్లు ఒకే దిక్కున పోతున్నాయి. నూటయాభై మీటర్ల బండి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, రెండొందల మీటర్ల బండి 36తో. నెమ్మది బండిలో కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని వేగం బండి ఎంతసేపట్లో దాటుతుంది? ఒకే దిక్కు కాబట్టి వేగాలు తీసివేయాలి. దాన్నే రిలేటివ్ స్పీడ్ అంటాం, ఒక బండిలోంచి చూస్తే రెండోది కదిలినట్టు కనిపించే వేగం. ఇక్కడ సెకనుకు పది మీటర్లు. దాటాల్సింది నూటయాభై కనక జవాబు పదిహేను సెకన్లు. ఆయన మాత్రం రెండు బండ్ల పొడవూ కలిపి ముప్పై అయిదు అనేవారు. ఎన్నిసార్లు కొట్టేసినా అదే. పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"ఏవండీ, రెండో బండి పొడవు ఎందుకు కలుపుతున్నారు?" అని చివరికి అరిచాను.

"మరి తోక దాటొద్దేటి మేష్టారూ? రెండు బండ్లూ పూర్తిగా ఇడిపోకుండా దాటిందని జెండా ఊపితే పానాలు పోతాయి. ఇన్నేళ్లూ నాను అదే సేత్తన్నాను."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన లెక్క తప్పలేదు. ఒక బండి రెండోదాన్ని పూర్తిగా దాటడానికి సరిగ్గా ముప్పై అయిదే. అడిగిన ప్రశ్న వేరు, అంతే.

"సన్యాసిరావు గారూ, ఇవాళ మీకు సెలవు. చేతిలో జెండా లేదు, వేరుశనక్కాయల పొట్లం ఉంది. కిటికీ దగ్గర కూర్చున్నారు. పక్క బండి మీ ముఖం ముందునుంచి పోతోంది. మీ వెనక పెట్టెల సంగతి మీకెందుకండీ?"

ఆయన నవ్వారు. "నాకేటి పని? పక్క బండి తోక పోతే సాలు. పదిహేను."

అప్పటినుంచి ఎవరి జవాబైనా కొట్టేసేముందు, ఎక్కడ నిలబడి చూస్తున్నావని అడగడం అలవాటైంది. చాలా తప్పులు అక్కడే విడిపోయాయి.

ఆయన ప్యాసయ్యారు. కుర్చీలో చేరిన వారానికి భార్యతో మా ఇంటికొచ్చారు. నేను ఆయన పట్టుదలను పొగుడుతుంటే ఆవిడ వింటూ కూర్చున్నారు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి అన్నారు:

"మా ఇల్లు యార్డు పక్కనే బాబూ. ఇంజిను కూసినప్పుడల్లా నా గుండె జారిపోయీది. నిన్న గూడా కూసిందంట. నాను ఇనలేదు, పడుకుండిపోనాను."