ఎర్రకలం, ఇండోనేషియా, రెంటచింతల ఎండ

జానకిరామయ్యగారు ఆధారం చూపనిదే దేన్నీ నమ్మరు. నరసరావుపేట కాలేజీలో ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యారు గానీ, ఇంట్లో ఆ పాఠం ఇంకా అయిపోలేదని భార్య కృష్ణకుమారి ఫిర్యాదు.

“కూరలో ఉప్పేశానండీ.”

“ఆధారం?”

“నోట్లో పెట్టుకోండి, తెలుస్తది.”

కారంపూడిలో పల్నాటి వీరుల కథ పాడుతున్న ముసలాయన్ను సైతం నడిమధ్యలో లేచి ఆధారం అడిగారు. “మా తాత పాడాడు, మీ తాత ఏడ్చాడు. అది చాలదా?” అన్నాడాయన. జనం ఈలలేశారు. చాలదని జానకిరామయ్యగారు నోటుపుస్తకంలో రాసుకున్నారు.

రిటైరయ్యాక ఆయన చూపు ఇండోనేషియా నవలల మీద పడింది. అక్కడి సర్కారు చరిత్ర తుడిచేసిన మనుషులను నవలాకారులు కథల్లో దాచారని ఎక్కడో చదివారు. చరిత్రలో లేనివాడు కథలోకి ఏ దారిన వచ్చాడో తేల్చాలి కదా! ఇంగ్లీషు అనువాదాలు తెప్పించి, పేజీ పేజీ అంచునా ఎర్రకలంతో “ఆధారం?” అని రాయసాగారు. మధ్యాహ్నాలు తోచక కృష్ణకుమారి కూడా ఆ ఎర్రరాతలు దాటుకుంటూ వాటిని చదివేసింది.

ఒకనాడు ఎండలకు పేరుపడ్డ రెంటచింతల నుంచి హెప్సిబా వచ్చింది. ఎనభై రెండేళ్ల మనిషి, చేతిలో పాత కాగితం. ఆమె తండ్రి తెల్లవాళ్ల పటాలంలో ఇండోనేషియాలోని జావా వెళ్లాడు. పటాలం వాళ్లు పంపిన ఆ కాగితంలో ఉన్నది ఒకటే ముక్క: 1945, సురబయ, ఆచూకీ లేదు.

“నేనప్పుడు పసిపిల్లను మేస్టారూ. ఆడ ఇంకోదాన్ని కట్టుకుని మమ్మల్ని మరిచాడని ఊళ్లో అన్నారు. మా అమ్మ ఆ మాట మోసుకునే పోయింది. మీరు ఆ దేశం పుస్తకాలు చదువుతారంటగా, ఏందో చూసి చెప్పండి.”

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. కోరుకున్న ఆధారం చేతిలోనే ఉంది. అందులో మనిషే లేడు.

బీరువాలోంచి ఒక నవల తీసి, గొంతు సవరించుకుని, తెలుగులో చెబుతూ చదివారు. సురబయలో మిట్టమధ్యాహ్నం. అందరూ నీడకు పరుగెత్తారు. ఒక తెలుగు సిపాయి మాత్రం “ఇదీ ఒక ఎండేనా!” అని నవ్వాడు. ఏటిగట్టున ఏడుస్తున్న పసిపిల్లను ఎత్తుకుని, ఇంటిదగ్గర తనకూ ఇంతే కూతురుందన్నాడు. మర్నాడు కాల్పుల్లో పోయాడు.

“మా నాన్నే!” అంది హెప్సిబా. “రెంటచింతలోడు కాక ఇంకెవడంటాడు ఆ మాట!” అంతలోనే అడిగింది: “ఇది నిజమా మేస్టారూ, కతా?”

“నవలమ్మా,” అన్నారాయన గంభీరంగా. “ఆ దేశంలో చానా నిజాలు నవలల్లోనే బతికాయి.”

“అయితే ఇంకోసారి చదవండి.”

రెండోసారి చదివినప్పుడు సిపాయి ఆ పిల్లకు మజ్జిగ కూడా పట్టించాడు. జావాలో మజ్జిగ ఎక్కడిదని గడపలో ఉన్న కృష్ణకుమారి అడగబోయి, హెప్సిబా ముఖం చూసి ఊరుకుంది.

ఆయన హెప్సిబాను బస్సెక్కించి వచ్చాక మాత్రం కృష్ణకుమారి ఆగలేదు. “ఈ నవల నేనూ చదివానండీ. ఇందులో సిపాయి ఏడీ? ఆధారం?” నలభై ఏళ్ల కాపురంలో ఆ మాట అనే అవకాశం ఆమెకు రావడం ఇదే మొదటిసారి.

జానకిరామయ్యగారు ఎర్రకలానికి మూత పెట్టారు.

“వాళ్ల నాన్న పోయాడు, ఆమె ఎదురుచూసింది. అది చాలదా?”

ఆ పూట కూరలో నిజంగానే ఉప్పు పడలేదు. ఆయన కిక్కురుమనకుండా తిన్నారు.