ముందు మోకాలి సంగతి

“ఇంక చాలమ్మా. టికెట్ చేంజ్ చేసేస్తున్నాను. ఎల్లుండికి ఇంట్లో ఉంటుంది.”

“రెండు నెలల చదువని పంపి, పది రోజులకే వెనక్కి పిలుస్తావా? అదేమన్నా పేరంటమా, బొట్టు పెట్టించుకుని తిరిగి రావడానికి?”

“నీకు అర్థం కాదు. బట్టలు చేత్తో ఉతుక్కోమన్నారట. బకెట్‌తో స్నానమట. ఆ ఇంటావిడ అసలు మాట్లాడటమే లేదట. పిల్ల ఏడుస్తోంది!”

“ఉతికితే చేతులేం అరిగిపోవులే. నీ చేత నేను ఉతికించలేదూ?”

నిన్న ఆదివారం మధ్యాహ్నం, అమెరికాలో, క్యారీ ఊళ్లో మా అపార్ట్‌మెంటు వంటగదిలో నాకూ నా కూతురు పద్మకూ జరిగిన పోట్లాట ఇది. పప్పు డబ్బాకు ఆనించిన ఫోనులో నా మనవరాలు శ్రుతి ముక్కు చీదుకుంటోంది. కాలేజీవాళ్లు దాన్ని స్వాహిలి నేర్చుకోమని ఆఫ్రికాలో జాంజిబార్ దీవికి పంపి, అక్కడొక ఇంట్లో ఉంచారు. అక్కడ అప్పుడే పొద్దుగూకింది. దాని ఏడుపు వెనక నుంచి మరో చప్పుడు వినిపించింది. కర్ కర్ మని, ఎవరో కొబ్బరి కోరుతున్నారు. పీట మీద కూర్చుని, కాళ్ల మధ్య గిన్నె పెట్టుకుని కోరితేనే ఆ చప్పుడు వస్తుంది. ఈ దేశంలో ఆ చప్పుడు నేను ఒక్క ఇంట్లోనే విన్నాను. అది మా ఎదురింటి మ్వాలిముది.

మ్వాలిము అంటే స్వాహిలిలో పంతులమ్మ. శ్రుతి కాలేజీలో ఆ భాష చెప్పేది ఆవిడే. నా కన్నా పదిహేనేళ్లు చిన్నది. పోయిన చలికాలంలో కన్నుమూసింది. మా కాంప్లెక్సులో తెలుగువాళ్లకు కొదవ లేదు గానీ, ఆవిడ పేరు తెలిసినవాళ్లు నలుగురు లేరు. “అమెరికాలో పుట్టి స్వాహిలి ఏమిటండీ, పైథాన్ కోడింగ్ నేర్చుకోవచ్చుగా” అని శ్రుతిని వెక్కిరించినవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది.

ఆవిడ గడప మొదటిసారి నేను ఎక్కింది తగవుకే. ఆవిడ బాల్కనీలో లైటు పట్టపగలు కూడా వెలుగుతూ ఉండేది. ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను, మూడో రోజు నావల్ల కాలేదు. ఎవరి కరెంటైతేనేం, వృథా వృథానే. నాకు ఇంగ్లీషు రాదు కనుక శ్రుతిని వెంటబెట్టుకుని వెళ్లి తలుపు కొట్టాను. ఆవిడ తలుపు తీసి, నన్ను చూసి, కాస్త తల వంచి “షికమూ” అంది. “ఆ లైటు ఆర్పమని చెప్పు” అన్నాను శ్రుతితో. ఆవిడ మళ్లీ “షికమూ” అని నిలబడింది. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు పెట్టే దండం అదేనట. పెద్దవాళ్లు “మరహబా” అని అందుకోవాలట. అనేదాకా కదలదేమోనని అన్నాను. అంతటితో అయిందా? రాత్రి నిద్ర పట్టిందా, ఇంట్లో అందరూ కులాసాయేనా, మీ ఊళ్లో ఎవరున్నారు, ఆ మెట్లెక్కి వచ్చారు కదా మోకాలు ఎలా ఉంది. ఆవిడ ప్రశ్నలను శ్రుతి తన వచ్చీరాని తెలుగులో ఒక్కొక్కటే చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మోకాలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా చెయ్యి దానంతటదే మోకాలి మీదకు పోయింది. ఈ దేశం వచ్చి అప్పటికి రెండేళ్లు. మెట్ల మీద కుంటుతూ ఎక్కుతుంటే “హాయ్ ఆంటీ” అంటూ పక్కనుంచి దూసుకుపోయినవాళ్లే తప్ప, అడిగిన మనిషి లేదు.

అన్నీ అయ్యాక ఆవిడే లైటు సంగతి ఎత్తింది. స్విచ్చి పాడైందట. బాగుచేయమని మూడుసార్లు చెప్పినా ఎవరూ రాలేదట. నేను చీర కొంగు చేతికి చుట్టుకుని, కుర్చీ వేయించుకుని ఎక్కి, బల్బు ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పగలబడి నవ్వి, కొబ్బరి కోరే పీట తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ రోజు నుంచి మంగళవారం మంగళవారం శ్రుతి అక్కడ పాఠం చెప్పించుకుంటుంటే, నేను చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూర్చునేదాన్ని. “మీరూ పలకండి” అంది మ్వాలిము ఒకనాడు. మూడో తరగతితో ఆగిపోయినదాన్ని, నాకెందుకన్నాను. “ఎన్నో తరగతని నేను అడగలేదే” అంది. అరవై ఏళ్ల తర్వాత మళ్లీ ఒక పంతులమ్మ ముందు నోరు తిప్పాను. తప్పు చెబితే నవ్వలేదు. మళ్లీ చెప్పించింది.

అటువంటి మనిషికి మావాళ్లు చేసిన మర్యాద చెబుతాను, వినండి. శ్రుతి ఇరవయ్యో పుట్టినరోజు క్లబ్‌హౌస్‌లో చేశారు. మ్వాలిము చెత్తబుట్ట పక్కన నిలబడి ఉంటే, పద్మ స్నేహితురాలొకావిడ, పట్టుచీర కట్టుకున్నావిడ, మొహమైనా చూడకుండా ఎంగిలి పళ్లేలు ఆవిడ చేతిలో పెట్టింది, పనిమనిషనుకుని! మ్వాలిము ఆ పళ్లేలను బల్ల మీద పెట్టి, చేతులు జోడించి, “బాగున్నారా? పిల్లలు బాగున్నారా? ఇండియాలో మీ అమ్మగారు ఎలా ఉన్నారు?” అని ఇంగ్లీషులో ఒక్కొక్కటే అడిగింది; ఆ మాటలేమిటో శ్రుతి నాకు తర్వాత చెప్పింది. పట్టుచీర ఆవిడ అన్నింటికీ జవాబు చెప్పాక తన పళ్లేలు తానే తీసుకెళ్లి బుట్టలో పడేసింది. నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను నేను. ఇంట్లో అంత నోరున్నదాన్ని, అక్కడ నలుగురిలో నోరు మెదపలేదు. పద్మ ఏమనుకుంటుందోనని ఊరుకున్నాను. ఆ మంట నా మీద నాకు ఇప్పటికీ ఆరలేదు.

మర్నాడు శ్రుతిని తోడు తీసుకుని తప్పు ఒప్పుకుందామని వెళ్లాను. “తర్వాత చెబుదురుగాని. ముందు కూర్చోండి. మోకాలు ఎలా ఉంది?” అంది. క్షమాపణకు కూడా అదే వరస! చివరికి అంతా విని, “పని చెప్పేముందు మనిషిని చూడాలి. ఆవిడ చూడలేదు, నేను చూశాను. అంతే” అని కొబ్బరి ముందుకు తోసింది.

ఫోనులో నిన్న వినిపించిన చప్పుడు నాకు ఇదంతా గుర్తుచేసింది. పద్మ చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

“శ్రుతీ, ఏడుపు ఆపు. పొద్దున లేవగానే ఆ ఇంటావిడని ఏమడిగావు?”

“వైఫై పాస్‌వర్డ్ అమ్మమ్మా.”

“అంతకు ముందు? షికమూ అన్నావా?”

“ఫస్ట్ డే చెప్పాను కదా.”

“మొదటి రోజు అన్నం తిన్నావుగా! రెండో రోజు మళ్లీ ఎందుకు తిన్నావు?”

“అమ్మా, దాన్ని తిట్టకు. అది కల్చర్ షాక్” అంది పద్మ.

“కల్చరూ లేదు, షాకూ లేదు. ఈ ఇంట్లో అబ్బిన అలవాటే. పొద్దున్నే చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు దోపుకుని వచ్చి ‘లంచ్ డబ్బా ఏది’ అని చెయ్యి చాపేది ఎవరు? అది చూస్తూనేగా పెరిగింది పిల్ల! దానికి చదువు చెప్పిన మనిషి బతికుంటే సిగ్గుతో తల దించుకునేది. రేపు ఆవిడ ముందు నిలబడు శ్రుతీ. దండం పెట్టు. ఆవిడ కులాసా, ఇంట్లోవాళ్ల కులాసా అన్నీ అడుగు. అప్పటికీ మాట్లాడకపోతే వచ్చెయ్, నేనే టికెట్ కొనమంటాను.”

పద్మ ఫోను తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. 

ఈ రోజు సోమవారం. పొద్దున ఏడింటికి ఫోను మోగింది. “చెప్పాను అమ్మమ్మా” అంది శ్రుతి. “నన్ను కూర్చోబెట్టింది. చాలా క్వశ్చన్స్ అడిగింది, నీ గురించి కూడా. కొబ్బరి కోరమంటే వేలు కట్ అయింది.”

“పసుపు అద్దుకో” అన్నాను.

“ఆవిడే పెట్టింది. పిలుస్తోంది, వెళ్తాను” అని పెట్టేసింది.

ఆఫీసుకు తయారై పద్మ వంటగదిలోకి వచ్చింది. గదిలోంచి అంతా విన్నట్టుంది, టికెట్ మాట ఎత్తలేదు. డబ్బా కోసం చెయ్యి చాపి, ఆగింది. చెవుల్లోవి తీసి బల్ల మీద పెట్టింది.

“మోకాలు ఎలా ఉందమ్మా?”

“నొప్పిగానే ఉంది” అన్నాను.

బ్యాగు కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆఫీసుకు ఆలస్యమైంది.