ఆదివారం చిలక

కొత్త లాప్‌టాప్ తెరవగానే ఓ మూల చెత్తబుట్ట బొమ్మ కనిపించింది. ఒకప్పుడు దాన్ని చూసే ఏడ్చాను.

అమలాపురంలో మా ఇంటికి బాబాయి కంప్యూటర్ తెచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాయనమ్మ పట్టుబట్టి దానికి భీమేశ్వరస్వామి వాల్‌పేపర్ పెట్టించింది. రోజూ దణ్ణం పెట్టుకునేది. ఓ మధ్యాహ్నం నేను దాన్ని మార్చి రామచిలకను పెట్టాను.

"స్వామివారెక్కడికెళ్లేరు, అమ్మలూ?" అంది నాయనమ్మ.

తెరంతా వెతికితే చెత్తబుట్ట ఒక్కటే కనిపించింది. మా ఇంట్లో దేవుడి బొమ్మున్న పాత క్యాలెండర్‌నైనా చెత్తలో వెయ్యరు, కాలవలో కలుపుతారు. నేనేమో స్వామినే బుట్టలో పడేశాననుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

బాబాయి వచ్చి బుట్ట తెరిచి చూపించాడు. ఖాళీగా ఉంది. "బొమ్మ ఎక్కడికీ పోలేదమ్మా, కంప్యూటర్ లోపలే ఉంది. కావాల్సినప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు," అన్నాడు నాయనమ్మతో.

నాయనమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని మౌస్ పట్టుకుంది. "అయితే ఎలా మార్చాలో నాకూ చూపించరా."

వారం తిరిగేసరికి సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, శనివారం వెంకన్న తెర మీదికి రావడం మొదలైంది. అన్నీ తనే మార్చేది. ఆదివారం మాత్రం మౌస్ నా చేతికిచ్చి, "ఇవాళ నీ చిలకని పెట్టుకో," అనేది. దేవుళ్లకి రోజులు పంచుతూ నాకూ ఒకటి మిగిల్చిందని అప్పుడు తోచలేదు.

ఇవాళ ఆదివారం. కొత్త తెర మీద ముందుగా రామచిలకనే పెట్టాను.